ఎదుట గది లేని జైలు

ఫోన్లో అనంతకృష్ణ గొంతు మూడోసారి అవే మాటలు చెప్పింది.

"నేను రెండో అంతస్తులో ఒక గదిలో ఉన్నానండీ. బయటికి చూస్తే సోమయాజులు మాస్టారు నా ఎదుటి గది గడపలోనే నిలబడి ఉన్నారు. మధ్యలో నడవా, అంతే. చెయ్యి ఊపి, 'మీరు షోకి పదండి, నేను కాసేపు ఇక్కడే ఉంటాను' అన్నారు. అప్పుడు టైము పావుతక్కువ ఐదు."

ఫణిశ్రీ రికార్డింగ్ ఆపి, తనూ జైలు రెండో అంతస్తులో ఒక గది గడపలో నిలబడి బయటికి చూసింది. ముందు సన్నటి వరండా. వరండా అంచున ఇనప చువ్వలు. చువ్వల అవతల ఖాళీ ఆవరణ. ఆవరణ అవతల ఇంకో మూడంతస్తుల కట్టడం. దాని గోడ మొత్తం మీద ఒక్క తలుపు లేదు. మనిషి చేతికి అందనంత ఎత్తులో చిన్న చిన్న వెంటిలేటర్లు వరసగా ఉన్నాయి, అంతే.

ఎదుటి గదే లేదు. ఇక గడప ఎక్కడిది?

"ఇక్కడేనా ఆయన నిలబడింది?" పక్కనున్న వర్ధనమ్మ నెమ్మదిగా అడిగింది.

"ఇంకా తెలీదు పిన్నిగారూ. మిగతావి కూడా చూద్దాం."

నెలన్నర కిందట నర్సీపట్నం నుంచి మార్నింగ్ వాకర్లు పద్నాలుగు మంది అండమాన్ టూరుకి వచ్చారు. పోర్ట్ బ్లెయిర్‌కి పేరు మార్చినా వాళ్ల నోట్లో ఇంకా పాత పేరే. టూరు ఏర్పాటు చేసింది అనంతకృష్ణ. ఇళ్ల స్థలాల వ్యాపారి, సోమయాజులు మాస్టారికి రోజూ నడకలో తోడు. మాస్టారు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. మన్యం తిరుగుబాటులో పట్టుబడి ఇక్కడికి పంపబడ్డవాళ్ల గురించి జీవితమంతా పాఠం చెప్పి, వాళ్లున్న జైలు ఒక్కసారి చూడాలని వచ్చారు. జైలు చూడ్డానికి వెళ్లిన మర్నాడు పొద్దున్న ఆయన శవం ఊరి చివర రాళ్ల ఒడ్డున దొరికింది. తలకి దెబ్బ. ఫోను దొరకలేదు. ఒంటరిగా తిరగడానికి వెళ్లి, చీకట్లో కాలుజారి పడిపోయారన్నారు. అలల్లో నానిన ఒంటిని చూసి ఏ వేళకి పోయారో డాక్టర్లు కచ్చితంగా చెప్పలేకపోయారు. ఆఖరిసారి పావుతక్కువ ఐదుకి జైల్లో కనపడ్డారు కాబట్టి, పోయింది ఆ తర్వాతే అనుకున్నారు.

ఆఖరిసారి చూశానన్నది అనంతకృష్ణ ఒక్కడే. ఆ తర్వాత అతను రాత్రి భోజనాల దాకా అందరితోనూ ఉన్నాడు. లైట్ అండ్ సౌండ్ షోలో ముందు వరసలో కూర్చున్నాడు. వేలెత్తి చూపడానికి లేదు.

మాస్టారి భార్య వర్ధనమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. "ఆయనకి రేచీకటి. చీకటి పడితే వీధి గుమ్మం దాటరు. అలాంటి మనిషి సముద్రం దగ్గరికి ఒక్కరే వెళ్లారంటే నేను నమ్మను," అంటూ నర్సీపట్నంలో మందుల షాపు మీద ఉన్న ఫణిశ్రీ ఆఫీసు మెట్లెక్కింది. ఫణిశ్రీ విశాఖపట్నంలో ఇన్సూరెన్స్ కంపెనీకి పదిహేనేళ్లు క్లెయిములు దర్యాప్తు చేసి, సొంత ఊరికొచ్చి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. కాలేజీలో మాస్టారి దగ్గరే చదువుకుంది. కేసు తీసుకున్న రోజునే అనంతకృష్ణని కలిసి, ఏం చూశారో పూసగుచ్చినట్టు చెప్పమంది. పోలీసులకి 'జైల్లో చూశాను' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నవాడు, ఆమె వివరాలు అడిగేసరికి గది, గడప, నడవా, ఊపిన చెయ్యి అన్నీ చెప్పాడు.

ఇప్పుడు జైల్లో మిగిలి ఉన్న మూడు వరసల్లో తక్కిన రెండిటినీ ఆమె కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా నడిచి చూసింది. ప్రతి వరండాలోనూ ఒకవైపే గదులు. రెండోవైపు చువ్వలు, ఆ అవతల వెన్ను చూపించే గోడో, లేకపోతే పాత కట్టడం పోయి మిగిలిన ఖాళీయో.

గైడ్ దేవుళ్లు వాళ్ల వెనకే వస్తున్నాడు. టెక్కలి నుంచి తాతల కాలంలో వలస వచ్చిన కుటుంబం. తెలుగువాళ్లు వస్తే ఇంటి మనుషులొచ్చినట్టు సంబరపడతాడు.

"దేవుళ్లు గారూ, ఎదురెదురుగా గదులున్న వరండా ఏదైనా ఉందా ఇక్కడ?"

"నేదండి. అలా కట్టకూడదనే కట్టేరు," అన్నాడతను. "మొత్తం ఏడు వరసలండి, మధ్యన బురుజు. సైకిల్ చక్రానికి పుల్లలుంటాయి సూడండి, అలాగ. ఒక వరస ముందుభాగం ఇంకో వరస ఈపుకి ఎదురుగా ఉంటాది. ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ మొకం కనపడకూడదు. ఒకే జైల్లో అన్నదమ్ములిద్దరు ఉండి, రెండోవాడు ఇక్కడే ఉన్నాడని చాన్నాళ్లు తెలుసుకోలేదంటారు."

"నాలుగు వరసలు పడగొట్టేశారు కదా. వాటిలో?"

"అవీ అంతేనండి. అయినా అవి పోయి ఏళ్లైపోనాది. మొన్న ఒచ్చినోళ్లు వాటిలోకి ఎలాగ ఎల్తారు?"

ఫణిశ్రీ తల ఊపింది. పొరబాటున వేరే గదిని చెప్పడం ఒకటి. ఈ జైల్లో ఎప్పుడూ లేని దాన్ని చెప్పడం వేరు. అనంతకృష్ణ గదుల దాకా రాలేదు. జైలంటే ఎలా ఉంటుందో తన మనసులో ఉన్న బొమ్మని చెప్పాడు.

అతను పైకి రాకపోతే పావుతక్కువ ఐదుకి ఎవరినీ చూడలేదు. అతను చూడకపోతే, మాస్టారిని ఆఖరిసారి చూసింది మధ్యాహ్నం హోటల్లో భోజనాల దగ్గర. తిన్నాక అందరూ పడుకున్నారు. మాస్టారు మాత్రం అనంతకృష్ణతో కలిసి ఆటో ఎక్కారు. 'మేం ముందు వెళ్తాం, మీరు నిదానంగా జైలు దగ్గరికి రండి' అని చెప్పి వెళ్లిన మాట మిగతా పన్నెండు మందికీ గుర్తుంది. జైల్లో తలోవైపూ చెదిరిపోయి, మాస్టారు ఇంకో అంతస్తులో ఉన్నారని ఎవరికి వారు అనుకున్నారు.

అంటే భోజనాలకీ షోకీ మధ్య, పట్టపగలు, అనంతకృష్ణ ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.

"ఏటమ్మా ఫణిశ్రీ, గోడలు లెక్కెడుతున్నావా?"

ఆ గొంతు ఆమెకి తెలుసు. రిటైర్డ్ సర్కిల్ ఇన్స్పెక్టర్ ధర్మారావు వరండా చివర నుంచి వస్తున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో నీళ్ల సీసా. నర్సీపట్నంలో ఆమెకంటే ముందే డిటెక్టివ్ ఆఫీసు తెరిచినవాడు. ఆమె బోర్డు చూసి, ఇదేం బ్యూటీ పార్లరా అని నలుగురిలో నవ్వినవాడు.

"మీరెప్పుడొచ్చారు?"

"నిన్న. నువ్వొస్తున్నావని తెలిసి." వర్ధనమ్మ వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. "అమ్మా, మాస్టారంటే నాకూ గౌరవమే. కాకపోతే అనంతకృష్ణ గారు నా క్లయింటు. స్నేహితుడు పోయి ఆయన బాధలో ఉంటే, ఈవిడ ఊరంతా తిరిగి అనుమానంగా మాట్లాడుతోంది. నిజం తేల్చమన్నారు, అందుకొచ్చేను."

"అయితే ఈ గడపలో నిలబడి ఇది వినండి," అని ఫణిశ్రీ రికార్డింగ్ పెట్టింది.

ధర్మారావు విన్నాడు. చువ్వల అవతలి గోడ చూశాడు. గదిలోకి వెళ్లాడు, బయటికొచ్చాడు, వరండా చివరిదాకా నడిచి తిరిగొచ్చాడు.

"మేడ మీది నుంచి చూసుంటాడు," అన్నాడు చివరికి. "మేడ మీదికి అందర్నీ వెళ్లనిస్తారు. అక్కణ్నుంచి పక్క వరస వరండా కనపడుతుంది. నేను చూసేను."

"మేడ మీద గది ఉందా? గడప ఉందా? మధ్యలో నడవా అంతే అన్నాడాయన."

"అరవై ఏళ్ల మనిషి. స్నేహితుడు పోయిన బెంగ. తికమకపడ్డాడు. నా సర్వీసులో నిజం చెప్పేవాడు తడబడ్డం వందసార్లు చూసేను."

"తడబడినవాడు సరిగ్గా గుర్తులేదంటాడు ధర్మారావు గారూ. ఈయన నేనడగని చెయ్యి ఊపడం కూడా చెప్పాడు."

"సరే, అబద్ధమే అనుకో. ఎందుకు? పదేళ్లుగా పొద్దున్నే చెయ్యి పట్టుకు నడిచిన మనిషిని ఎందుకు చంపుతాడు? ఆస్తి తగాదా లేదు. మాట తేడా లేదు. కారణం చూపించు, నేనే ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్తాను."

ఫణిశ్రీ ఫోను సంచిలో పెట్టుకుంది.

"ఊరెళ్లేక ఆయన్ని నా ఎదురుగా అడుగు," అన్నాడు. "కాదు, నేనే అడుగుతాను. ఆయన ఇదే మాట మళ్లీ చెప్తే, నేను దాన్ని దాచను. అది మాత్రం నమ్ము." మెట్ల వైపు వెళ్తూ ఆగాడు. "అమ్మగారిని ఎండలో తిప్పకు."

అతను వెళ్లాక వర్ధనమ్మ దేవుళ్లుని పిలిచింది. "బాబూ, నన్నొక్క నిమిషం లోపల ఉంచి తలుపు వేస్తావా?"

"ఎందుకు పిన్నిగారూ?" అంది ఫణిశ్రీ.

"ఆయన ఇది చూడాలనే కదా వచ్చారు. చూడకుండానే పోయారని నువ్వంటున్నావు. ఆయన బదులు నేను చూస్తాను."

ఆమె లోపలికి వెళ్లింది. దేవుళ్లు చువ్వల తలుపు దగ్గరికి వేసి, గడియ ఎలా పడేదో ఫణిశ్రీకి చూపించాడు. పొడవాటి ఇనప కడ్డీ తలుపు దాటి గోడలోకి పోయి, అక్కడో చిన్న గూట్లో తాళం పడుతుంది. లోపలివాడు చువ్వల్లోంచి ఎంత చెయ్యి చాచినా ఆ గూడు అందదు.

లోపల వర్ధనమ్మ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. తలెత్తితే వెంటిలేటర్‌లోంచి ఇంత ఆకాశం కనబడుతోంది.

"వీళ్లనేం చేసేవారు బాబూ, ఇలా ఉంచి?"

"పగలు కొబ్బరినూనె గానుగ తిప్పించేవోరండి, ఎద్దులకి బదులు. లెక్క తగ్గితే దెబ్బలు. తర్వాత్తర్వాత తిండి మానేసి సమ్మె కట్టేరు. సమ్మెకి పెద్దెవరు, కబుర్లు మోసిందెవరు సెప్పమని ఒక్కొక్కణ్నీ విడిగా అడిగేవోరని సెప్తారు. సెప్తే గానుగ తప్పుతాది. సెప్పనోళ్లు సెప్పలేదు."

"పక్కవాడు చెప్పాడో లేదో కూడా తెలీదు కదా వీళ్లకి."

"తెలీదండి. అయినా సెప్పలేదు."

కింద ఆవరణలో ఎవరో స్కూలు పిల్లల్ని వరసలో నిలబెడుతున్నారు.

"ఫణీ," అంది వర్ధనమ్మ లోపల్నుంచే. ఆ పిలుపు కొత్తగా ఉంది. "ఆ రోజు భోజనం చేసి ఆయన నాకు ఫోన్ చేశారు. పచ్చడి బాగాలేదనీ, ఎండ మండిపోతోందనీ. మధ్యలో ఒక మాటన్నారు. 'అనంతకృష్ణ ఆ రోజు ఆటోలో నాతో ఇంకెవరున్నారని వచ్చినప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాడు. చెప్పనంటే వదలడు, వాడికెందుకో' అని నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను."

ఫణిశ్రీ చప్పున తలుపు తెరిచింది. "ఏ ఆటో పిన్నిగారూ?"

వర్ధనమ్మ గడప మీదే కూర్చుని చెప్పింది. టూరుకి నెల ముందు సోమయాజులు మాస్టారు కొయ్యూరు వైపు కొండ ఊళ్లకి వెళ్లి, ముసలివాళ్ల దగ్గర పాతకాలం కబుర్లు విని, పొద్దున్నే, వెలుతురొచ్చాక, షేర్ ఆటోలో తిరిగొస్తున్నారు. నాతవరం దగ్గరికొచ్చేసరికి ఆటో టైరు పోయింది. డ్రైవరు టైరు మారుస్తుంటే మాస్టారు పక్కనే నిలబడ్డారు. ఆటోలో ఉన్న ఇంకొకరు దిగి ముందుకి నడుస్తూ మలుపు తిరిగారు. అప్పుడే మలుపు అవతల కారు చప్పుడు, ఒక కేక. మళ్లీ కారు వెనక్కొచ్చిన చప్పుడు, ఇంకో కేక. మాస్టారు పరిగెత్తి వెళ్లేసరికి కొండన్న అనే జీడితోట రైతు రోడ్డు మీద చనిపోయి ఉన్నాడు. కారు లేదు. ముందు నడిచిన మనిషి రోడ్డు పక్క వణుకుతూ కూర్చుని ఉంది.

"ఆయన కారు చూడలేదు. ఆ మనిషి చూసింది. నడిపినవాడి ముఖం కూడా చూసింది. మళ్లీ చూస్తే గుర్తుపడతానని చెప్పిందట. కానీ భయపడింది. ఆమెకి ధైర్యం చెప్పి, టూరు నుంచి రాగానే ఇద్దరం కలిసి స్టేషన్‌కి వెళ్దామన్నారు. అంతవరకూ ఆమె పేరు నాకూ చెప్పనన్నారు. మాటిచ్చారట."

"ఈ సంగతి అనంతకృష్ణకి ఎలా తెలుసు?"

"ఆయనే చెప్పుకున్నారు, నడకలో. స్నేహితుడు కదా."

"కొండన్న తోట పక్కన ఎవరిదైనా లేఅవుట్ ఉందా?"

వర్ధనమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. "ఉంది," అంది. "అనంతకృష్ణది. మధ్యలో ఆ తోట ఒక్కటే అడ్డమనీ, ఆ రైతు ఎంతకీ అమ్మనంటున్నాడనీ మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పాడు."

ధర్మారావు అడిగిన కారణం దొరికింది. ఫణిశ్రీ మెట్లు దిగుతూ అతన్ని కేకెయ్యబోయింది. అతను గేటు దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. అతను మాట్లాడేది తన క్లయింటుతోనే అయ్యుంటుందనుకుంది. ఈ మాట అతనికి చెప్తే గంటలో అనంతకృష్ణకి చేరుతుంది. వద్దనుకుంది. పేకముక్కలు ఒక్కసారే చూపించడం మంచిదనుకుంది.

* * *

రెండో రోజు పొద్దున్న నర్సీపట్నంలో, పెదబొడ్డేపల్లి మెయిన్ రోడ్డు మీది అనంతకృష్ణ ఆఫీసులో ఫణిశ్రీ, ధర్మారావు అతని ఎదురుగా కూర్చున్నారు. గోడల నిండా లేఅవుట్ల రంగుల ప్లాన్లు. అనంతకృష్ణ నుదుట విభూతి, మెళ్లో సన్న గొలుసు. టీ తెప్పించాడు.

"వర్ధనమ్మ గారు ఎలా ఉన్నారు? ఆవిణ్ని చూడ్డానికి రావాలంటే కాళ్లు రావడం లేదు," అన్నాడు.

మాటిచ్చినట్టే ధర్మారావు అడిగాడు. "చిన్న అనుమానమండీ. రిపోర్టు పూర్తిగా ఉండాలి కదా. మాస్టారిని ఎక్కడ చూసేరో బొమ్మ గీసి చూపించండి."

అనంతకృష్ణ నవ్వుతూ ఒక బ్రోచర్ వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. పొడుగ్గా రెండు గీతలు గీశాడు. గీతకి అటూ ఇటూ గళ్లు కొట్టాడు. ఒక గడిలో చుక్క పెట్టాడు. "ఇది నేను." ఎదుటి గడిలో ఇంకో చుక్క. "ఇది మాస్టారు. ఇదిగో, మధ్యలో నడవా."

ధర్మారావు ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. టీ చల్లారిపోతున్నా ముట్టలేదు.

"మీరు గీసింది సినిమాల్లో జైలండీ," అంది ఫణిశ్రీ. "అక్కడ ఏ గదికీ ఎదుట గది ఉండదు. ఒక వరస ముఖం ఇంకో వరస వీపుని చూస్తుంది. ఒకడికొకడు కనపడకూడదని అలా కట్టారు. మీరు పైకి ఎక్కలేదు. షో మొదలయ్యే వేళకి గేటు దగ్గర మనవాళ్లతో కలిశారు."

అనంతకృష్ణ పెన్ను మూత పెట్టాడు. "ఆ! నిజమే. మేడ మీది నుంచి చూశాను. ఇప్పుడు గుర్తొస్తోంది."

"గడపలో అన్నారు కదండీ," ధర్మారావు కాగితం మీదినుంచి కళ్లు ఎత్తకుండా అన్నాడు. "ఇప్పుడూ గడిలోనే చుక్క పెట్టేరు. మేడ మీద గదేటి, గడపేటి?"

"ధర్మారావు గారూ, మీరు నా తరఫున పనిచేస్తున్నారు."

"ఇందాకటి దాకా."

ఫణిశ్రీ అదే అదునని ముందుకి వంగింది. "భోజనాలయ్యాక మాస్టారిని ఆటోలో ఎక్కడికి తీసుకెళ్లారు? రాళ్ల దగ్గర ఆయన్ని ఏమని అడిగారు?"

అనంతకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. ఫోను తీసి చూసుకున్నాడు. ఏదో చదివి, మళ్లీ బోర్లా పెట్టాడు. ముఖం మీద చెమట లేదు. గొంతులో వణుకు లేదు.

"మీ దగ్గర ఉన్నది ఒక ముసలివాడు తప్పుగా గీసిన బొమ్మ. కోర్టులో నవ్వుతారు. ఇంకేమైనా అడగాలంటే నా లాయరుతో మాట్లాడండి. నాకు పనుంది."

బయటికొచ్చాక ధర్మారావు తన కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "నువ్వన్నది నిజమే," అన్నాడు. "వాడు చూళ్లేదు. ముప్ఫయ్యేళ్లు ఇలాంటివాళ్లని చూసినవాణ్ని, నేనే నమ్మేను."

ఫణిశ్రీ ఆఫీసు అద్దాల వైపు చూస్తోంది. "ఒకటి అర్థం కావడం లేదు. వాడి అబద్ధం మన ముందే విరిగిపోయింది. వాడికి భయం వెయ్యాలి కదా? వాడు దేనికోసమో ఎదురుచూస్తున్నట్టున్నాడు. అది వచ్చేసింది కూడా."

"కారణం దొరికిందా నీకు?"

దాచి ప్రయోజనం లేదనిపించింది. కొండన్న సంగతి, జీడితోట, వెనక్కొచ్చి మళ్లీ తొక్కిన కారు, ఆటోలో ఉన్న రెండో మనిషి, ఆమె పేరు కోసం అనంతకృష్ణ పట్టిన పట్టు, అన్నీ చెప్పింది. "మాస్టారు చూసినందుకు చంపలేదు. చూసినదెవరో చెప్పనందుకు చంపాడు."

చెప్తున్నంతసేపూ ధర్మారావు ముఖంలో రంగు తగ్గుతూ వచ్చింది.

"ఇది నీకెప్పుడు తెలుసు?"

"జైల్లో. మీరు గేటు దగ్గర ఫోన్లో ఉన్నప్పుడు."

"అప్పుడే చెప్పుంటే..." అని ఆగిపోయాడు. "అప్పుడు మా మనవరాలితో మాట్లాడుతున్నానమ్మా."

"ఏమైంది?"

"ఆ రెండో మనిషి పేరు లోవమ్మ."

ఫణిశ్రీకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"అండమాన్ విమానం ఎక్కేముందు వాడు నన్ను పిలిచి, మాస్టారి ఆత్మశాంతికైనా కొండన్న కుటుంబానికి న్యాయం జరగాలన్నాడు. ఆటోలో ఇంకో సాక్షి ఉందట, వెతికిపెట్టమన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఆటో స్టాండులన్నీ తిరిగి, ఆ డ్రైవర్ని పట్టుకుని, లోవమ్మ ఇంటికెళ్లేను. భయపడకమ్మా, నిన్ను కాపాడే పూచీ నాది అని చెప్పేను. ఆ సాయంత్రమే పేరూ, ఊరూ, ఇంటి గుర్తూ వాడికి చెప్పేసేను."

"ఫోన్ ఉందా ఆమెకి?"

అతను అప్పటికే నొక్కుతున్నాడు. స్విచాఫ్.

"కారెక్కండి," అంది ఫణిశ్రీ.

దారిలో ధర్మారావు నాతవరం స్టేషన్‌కి ఫోన్ చేసి, తన పేరు చెప్పి, మనిషిని పంపమన్నాడు. చెరకు లారీలు అడ్డం వచ్చినప్పుడల్లా హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఫణిశ్రీ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. జైలు మెట్ల మీద తాను అతన్ని పిలవబోయి ఆగిపోయిన చోటు మళ్లీ మళ్లీ కళ్లముందుకొస్తోంది. అతను నమ్మకూడనివాణ్ని నమ్మాడు. తాను నమ్మదగినవాణ్ని నమ్మలేదు. ఈ రెండిటి మధ్యా తనకి ఊరూపేరూ తెలియని ఆడమనిషి ఒకతె తన పాటికి తాను వంట చేసుకుంటూ, కట్టెలేరుకుంటూ రెండు రోజులు గడిపింది.

లోవమ్మ ఇల్లు నాతవరం దగ్గరి పల్లె చివర, వరిమళ్లని ఆనుకుని ఉన్న రేకుల ఇల్లు. తలుపు దగ్గరికి వేసి ఉంది. ఫణిశ్రీ తోసింది. లోపల పొయ్యి ఆర్పేసి ఉంది. అన్నం గిన్నె మీద మూత, మూత మీద గరిటె. మంచం కింద చెప్పులు లేవు. పెనుగులాట జరిగిన ఆనవాలేదీ కనపడలేదు. తనంతట తానే, తీరిగ్గా సర్దుకుని బయటికెళ్లిన ఇల్లు అది.

పక్కింటి వాకిట్లో వరలక్ష్మమ్మ అనే ముసలామె చింతపండు గింజలు తీస్తోంది.

"లోవమ్మేదమ్మా?" అంది ఫణిశ్రీ.

"ఇప్పుడే ఎల్లిందమ్మా. కారొచ్చింది, తెల్లకారు. ఇద్దరు మొగోళ్లు."

"ఎటెళ్లారు?"

"కొండేపు, కొయ్యూరు రోడ్డెక్కేరు. నర్సీపట్నం కోర్టుకన్నారు గాని, అటు తిప్పేరేటో మరి."

ధర్మారావు దగ్గరికొచ్చాడు. "కొత్తవాళ్లొస్తే ఎలా ఎక్కింది? ఆవిడకి భయం కదా?"

"అదే నానూ అన్నాను బాబూ. ఎవరో ఏటో, ఎక్కకే అన్నాను. ఇన్నేదు. ఆల్లు బేగి రమ్మన్నారు. మొన్న పోలీసు పెద్దాయన ఒకాయన ఒచ్చి, నీకేటీ కాదు, పూచీ నాదన్నాడంట. ఆ బాబే పంపించేడు కారు, ధర్మారావు గారు పంపితే బయమేటని ఎక్కీసింది." ముసలామె చేతి చింతపండు పక్కన పెట్టి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని అతని ముఖంలోకి చూసింది. "ఇంతకీ తమరెవరు బాబూ?"